ఎత్తు అడిగారు, దూరం అడగలేదు

నర్సింలుకు గర్వం ఎక్కువ. ఈ ఎడారి దేశంలో, గలాలీ అనే ఊళ్లో మేం కడుతున్న నాలుగంతస్తుల బిల్డింగు సైట్‌లో నేను స్టోర్ చూస్తాను కాబట్టి, ఆ గర్వం రోజూ నా కిటికీ ముందు నుంచే పోయేది. ఇసుకలో కూరుకుపోని పెద్ద టైర్ల ఫోర్క్‌లిఫ్ట్ మీద, మెడలో తువ్వాలుతో, ఎవరినీ చూడనట్టు వెళ్లేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, ఏడేళ్లు సిమెంటు బ్లాకులు మోసి, లైసెన్సు సంపాదించి ఆ సీటెక్కిన మనిషి. ఆమాత్రం ఉంటే తప్పేముందని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

కిందటి నెల బిల్డింగు ముందు డ్రైనేజీ పైపుల కోసం నాలుగు మీటర్ల వెడల్పున కందకం తవ్వారు. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా పూడ్చకూడదు. బ్లాకులన్నీ కందకం ఇవతలే దిగుతున్నాయి. అక్కణ్ణుంచి చెక్క పలకల మీదుగా మనుషులే మోస్తున్నారు. కంపెనీ ఒక్క బండికే అద్దె ఇస్తానంది. ఉన్న ఫోర్క్‌లిఫ్టునే ఉంచుకోవాలా, చెయ్యి చాపినట్టు ముందుకు సాగే టెలిహ్యాండ్లర్‌ను తెప్పించాలా అన్నది తేలాలి. టెలిహ్యాండ్లర్ వస్తే దాని ఆపరేటర్ దానితోనే వస్తాడు. నర్సింలు మళ్లీ బ్లాకులు మోయాలి. ఆ సంగతి సైట్‌లో అందరికీ తెలుసు.

ఫోర్‌మన్ గంగాప్రసాద్‌దీ నర్సింలు జిల్లానే. ఒకరోజు పొద్దున్నే నర్సింలును నా స్టోర్‌లోకి పిలిచి అడిగాడు.

"అన్నా, రెండో అంతస్తు ఎత్తుకు నీ బండి సరిపోతదా?"

"ఎత్తుకా? మంచిగ సరిపోతది," అన్నాడు నర్సింలు.

అబద్ధం కాదు. మన భాషలో బరువు లేపమన్నా ఎత్తు అనే అంటాం, ఎంత పైకి అన్నా ఎత్తు అనే అంటాం. అది కుదిరిందంటే ఇక పనైపోయినట్టే అనిపిస్తుంది. కందకం అవతలికి అందుతుందా అని గంగాప్రసాద్‌కు తట్టలేదు. నిటారుగా పైకి లేచే ఆ ఫోర్కులు గోడకు దగ్గరగా వెళ్తేనే పనికొస్తాయి. తవ్వకం కొలతలు నా బల్ల మీదే ఉన్నాయి, అయినా నేనూ నోరు మెదపలేదు. అప్పుడు దాన్ని స్నేహం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పది గంటల టీ వేళకి మా తుని వైపు మనిషి లోవరాజు, భుజాన బ్లాకుతో పలక మీద జారాడు. బ్లాకు కందకంలో పడింది. తను పలక అంచు పట్టుకుని మోకాళ్ల మీద ఆగాడు.

"ఏం కాలేదండీ. పలక తడిగా ఉంది, అంతే," అంటూ లేచి, ఇంకో బ్లాకు ఎత్తుకున్నాడు.

నర్సింలు అతని భుజం వంకే చూస్తూ ఉండిపోయాడు. టీ కప్పు అక్కడే పెట్టి గంగాప్రసాద్ దగ్గరికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

"తమ్మీ, నువ్వు ఎత్తు అడిగినవ్, నేను ఎత్తు చెప్పిన. దూరం నువ్వు అడగలె. నా బండి కందకం ఇవతలనే ఆగుతది. ఆ టెలిహ్యాండ్లరే తెప్పియ్యి."

"మరి నీ సంగతేందన్నా?"

"నాకెరికే. సీటు పోతదనే పొద్దుగాల చెప్పలె."

అంతటితో వదల్లేదు. "వచ్చేటాయనకు చెప్పు. నిండు బకెట్టు ఒంటికి దగ్గర పట్టుకుంటె ఒక తీరు, చెయ్యి చాపి పట్టుకుంటె ఒక తీరు. దూరం పోయినకొద్ది బరువు తగ్గియ్యాలె. బండిల ఉండే బరువుల చార్ట్ చూసుకోని, ప్యాలెట్ చెక్క మీద సగం బ్లాకులే పెట్టుమను."

వారం తిరక్కుండా కొత్త బండి వచ్చింది. పలకలు తీసేశారు. గ్లవ్స్ ఇవ్వడానికి రెండో అంతస్తుకు వెళ్తే, నర్సింలు లోవరాజు పక్కన నిలబడి ప్యాలెట్ మీంచి బ్లాకులు దించుతున్నాడు. ఊరి నుంచి భార్య ముత్తెమ్మ ఫోన్ చేసింది. చేతుల నిండా సిమెంటు కాబట్టి స్పీకర్‌లో పెట్టాడు.

"బండి మీద ఉన్నవా?"

"లేను. బ్లాకులు దించుతున్న."

"సీటు మీదికెల్లి దించిన్రా?"

"ఎవ్వలు దించలె," అన్నాడు నర్సింలు. "నేనే దిగిన."