మేవిస్ చెప్పిన గంట కథ

బడిలో పిల్లలకు వండి వడ్డించి రిటైరయ్యాక మేవిస్ ఓలరన్‌షా ఊరికే కూర్చోలేకపోయింది. డెర్బీషైర్ కొండల్లోని తన ఊరు హాథర్‌స్టన్‌ని శనివారం శనివారం జనాన్ని వెంటేసుకుని చూపించడం మొదలుపెట్టింది. రాజులూ యుద్ధాలూ ఆవిడకి పట్టవు. రోజూ నోట్లో నలిగే ఇంగ్లిష్ మాటలు ఎక్కణ్నుంచి పుట్టాయో చెప్పేది. కుండపోతగా వాన పడితే కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయంటారు కదా, అదెందుకో తెలుసా అంటూ పాత గడ్డి ఇల్లు చూపించేది. పూర్వం అవి గడ్డి కప్పు మీదే పడుకునేవట, వాన తగిలితే జారి వీధిలో పడేవట.

"మా కుక్క సోఫా ఎక్కడానికే ఆయాసపడుద్ది, కప్పెక్కుద్దా?" అని క్లిఫర్డ్ స్విండెల్ ప్రతివారం అదే జోకు వేసేవాడు. సున్నపురాయి క్వారీలో పనిచేసి దిగిపోయిన ముసలాయన. పక్కనే భార్య ఎనిడ్ మోచేత్తో ఒక్కటిచ్చేది.

చివరి మజిలీ చర్చి వెనక సమాధులు. అక్కడ మేవిస్ గొంతు తగ్గించేది. వెనకటికి బతికున్నవాళ్లని చచ్చారనుకుని పూడ్చేసేవారట. అందుకని శవం వేలికి తాడు కట్టి, లోపల కదిలితే మోగేలా పైన గంట వేలాడదీసి, వినడానికి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టేవారట. చివరి నిమిషంలో గండం తప్పితే "సేవ్డ్ బై ద బెల్", గంట కాపాడింది అంటామే, అది ఇందులోంచే వచ్చిందట. జనం ఒళ్లు జలదరించి నవ్వేవాళ్లు. ఆ నవ్వంటే మేవిస్‌కి ప్రాణం.

సెప్టెంబర్లో ఎనిడ్ కుర్చీలో కూర్చునే పోయింది. నిద్రపోతోందనుకుని క్లిఫర్డ్ టీ తెచ్చిపెట్టి, అది చల్లారిపోయేదాకా ఆవిడతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. డాక్టర్ వచ్చి ఇట్టే చూసి వెళ్లిపోయాడు. చర్చి వెనక సమాధి చేశాక క్లిఫర్డ్ మడత స్టూలు పట్టుకెళ్లి రోజూ అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాడు. పాపం, బెంగ, అనుకున్నారంతా. నవంబర్ వానలొచ్చినా లేవలేదు. దగ్గు పట్టుకుంది. ఇంటికి రమ్మని మేవిస్ బతిమాలితే, మట్టి మీద చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

"గంట పెట్టమంటే పెట్టలేదమ్మా చర్చివాళ్లు. మరి ఎనిడ్ లోపల లేచినా నాకెట్టా తెలుస్తది?"

మేవిస్ తిన్నగా లైబ్రరీకి వెళ్లి, గంట కథ నిజమేనా అని అక్కడి అమ్మాయిని అడిగింది. బతికుండగానే పూడ్చేస్తారేమోనన్న భయంతో గంటలున్న శవపేటికలు కొందరు చేయించిన మాట నిజమేనట. వాటివల్ల బయటపడ్డవాడు ఒక్కడూ కనబడడట. "సేవ్డ్ బై ద బెల్" అన్న మాటైతే బాక్సింగ్‌లోంచి వచ్చిందట. మేవిస్ ఆ కథని గిన్నెలు తుడిచే ఏదో తువ్వాలు మీద అచ్చేసుంటే చదివింది, అంతే. ఇన్నేళ్లలో ఎవర్నీ అడగాలని తోచలేదు.

ఇప్పుడు చెప్పకపోతే మనిషి దక్కడు. గొడుగు పట్టుకుని వెళ్లి స్టూలు పక్కన నిలబడింది.

"క్లిఫర్డ్, ఆ గంట కథ వట్టిది. దెబ్బలు తిని పడబోయే బాక్సర్ రౌండు ముగిసే గంట కొట్టగానే గట్టెక్కుతాడు, ఆ మాట అదీ. ఎనిడ్ కుర్చీలోనే పోయింది. డాక్టర్ చూశాడు, నువ్వూ చూశావు."

ఆయన మట్టి మీంచి చెయ్యి తీశాడు.

"నవ్వుతా చెప్పేదానివి."

"అవును."

"మేమూ నవ్వేవాళ్లం," అని లేచి స్టూలు మడిచాడు. చెయ్యి అందిస్తే అందుకోలేదు.

మళ్లీ సమాధి దగ్గరికి రాలేదు. దగ్గు తగ్గిందని పక్కింటివాళ్లు చెప్పారు, కానీ కర్టెన్లు తియ్యడం లేదన్నారు. శనివారం జనంలో ఆయన లేడు. మేవిస్ ఆ రోజు చర్చి గేటు దాకా కూడా వెళ్లకుండా అందర్నీ పంపేసింది.

మాంసం కూరిన రొట్టె వేడివేడిగా కాల్చి తీసుకెళ్లి క్లిఫర్డ్ తలుపు తట్టింది. చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. గడ్డం మాసిపోయి ఉంది. లోపల దీపం లేదు.

"కోపమేం లేదమ్మా నీమీద," అన్నాడు. "మీ అందరికీ ఎనిడ్ సెప్టెంబర్లో పోయింది. నాకు మొన్న నువ్వు చెప్పాకే పోయింది. నన్ను కొన్నాళ్లు వదిలెయ్యండి."

తలుపు మెల్లగా మూశాడు. పళ్లెం గుమ్మంలో పెట్టాలో, వెనక్కి పట్టుకుపోవాలో తెలియక మేవిస్ వానలో అలాగే నిలబడింది.