మా తోటికోడలు సరిచేసిన వరుస

పొద్దున్నే మా ఇంట్లో మొదట వినిపించేది మా ఆయన గడప దగ్గర బూట్లు దులుపుకునే చప్పుడు. ఆసుపత్రి లాండ్రీలో బాయిలర్ చూసేవారు కాబట్టి అందరికంటే ముందు ఆయనే వెళ్లాలి. టీ కాచి, డబ్బా కట్టి ఇచ్చి, ఆయన వెనకాలే వెళ్లి గేటు వేసి వచ్చేదాన్ని. ఆయన పోయాక కూడా ఆ వేళకి మెలకువ వచ్చేది. లేచి ఊరికే కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ వేళకి మా ముందు గదిలో కంప్యూటర్ మీటల టకటక వినిపిస్తోంది. అది మా తోటికోడలు. డబ్బా ఆమెకు కడుతున్నాను.

ఆమె మా మరిది భార్య. మాటకు ముందు అక్కా, మాటకు వెనక అక్కా. అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. ఆ ఆవిరి ఆమెకు పడలేదు. ఇంటికి రాగానే కిటికీ పట్టుకుని నిలబడేది, పిల్లికూతలు తగ్గేదాకా నోట మాట వచ్చేది కాదు. ఆ బల్ల వదలకపోతే ఊపిరితిత్తులు వదిలేస్తాయని డాక్టరు తేల్చేశాడు. అప్పుడు పట్టుబట్టి సాయంత్రాలు కంప్యూటర్ క్లాసులకు వెళ్లింది. మా మరిది వంట చేస్తూ, "మీ చెల్లెలు మెషీన్ నేర్చుకుంటోంది వదినా, నేను పప్పు మాడ్చడం నేర్చుకుంటున్నా," అనేవాడు.

లాండ్రీలో నర్సుల కోట్లన్నిటికీ కాలర్ లోపల చిన్న చిప్ కుట్టించారు. ప్రతి చిప్‌కీ ఒక నంబరు, అదే నంబరు కోటు మీద కూడా కుట్టి ఉంటుంది. ఉతికిన కోట్లను పొడవాటి కడ్డీ మీద ఆ నంబర్ల వరుసలోనే కొక్కేలకు తగిలిస్తారు. ఆ కోట్ల జాబితా తెర మీద కనిపించేలా మా తోటికోడలు ఒక ప్రోగ్రాం రాసింది. సూపర్‌వైజరమ్మ శనివారం దాకా చూస్తానంది. తెర పనికొస్తే కంప్యూటర్ కుర్చీ. పనికిరాకపోతే మళ్లీ ఇస్త్రీ బల్ల. అంతకు మించి మెలికలేమీ లేవు.

ఆ నంబర్లు మనం లెక్కపెట్టే తీరులో ఉండవు. తొమ్మిది తర్వాత పది రాదు. A వస్తుంది, తర్వాత B, అలా F దాకా. F అయ్యాక వచ్చేది 10. అంటే అక్కడ పది అని రాసి ఉన్నా అది మన పదహారు. నాకు ఇది చెప్పడానికి ఆమె కూరగాయల బుట్ట మొత్తం బల్ల మీద బోర్లించింది. వంకాయలతో మొదలుపెడితే పచ్చిమిరపకాయల దగ్గర నాకు అర్థమైంది.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని లాండ్రీకి వెళ్లేసరికి కొక్కేల బాబాయ్ కడ్డీ పక్కన స్టూలు మీద కూలబడి పిక్కలు పిసుక్కుంటున్నాడు. కోట్లు తగిలించేదీ తీసేదీ ఆయనే. తెర మీద నంబర్ల నిలువు గడి నెత్తిన, దాని పేరు ఉన్నచోట నొక్కితే జాబితా వరుసలోకి రావాలి. వచ్చింది, కానీ గజిబిజి వరుస. 10 తర్వాత 100, ఆ తర్వాత 2F, ఎక్కడో కింద 9. ఆ జాబితా పట్టుకుని ఆయన కడ్డీ ఈ చివరి నుంచి ఆ చివరికి కాళ్లరిగేలా తిరిగాడు.

"అమ్మాయ్, నీ తెర నన్ను ఊరేగిస్తోంది," అన్నాడు.

తప్పు ఎక్కడుందో మా తోటికోడలు వెంటనే పట్టుకుంది. ఆ జాబితా నంబర్లను నంబర్లుగా చూడటం లేదట. బడిలో హాజరు పట్టీకి పేర్లు పేర్చినట్టు మొదటి అక్షరం చూసి పేరుస్తోందట. ఒకటితో మొదలైనవన్నీ ముందు, రెండుతో మొదలైనవి తర్వాత. ఎంత పెద్దదన్న ఊసే లేదు. సరేనని అన్నిటి ముందూ సున్నాలు చేర్చి ఒకే పొడవు చేసింది. వరుస చక్కగా కుదిరింది. నేనూ సంబరపడ్డాను.

ఆ సంబరం కాసేపే. కోటు మీద 2F అని కుట్టి ఉంటే తెర మీద ఆరు సున్నాలు, వాటి తోకలో 2F. బాబాయ్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఈ సున్నాలు ఏ కొక్కేనికి తగిలించాలో చెప్పమన్నాడు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. మా తోటికోడలు కూడా నవ్వింది గానీ డబ్బా మూత తీయలేదు.

శనివారం పొద్దున్న లేచేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. సున్నాలు తీసేసింది. కంటికి కనిపించేది కోటు మీద ఉన్నట్టే ఉంటుంది, దాని వెనక అసలు విలువ దాచి, పేర్చేటప్పుడు మాత్రం ఆ దాచినదాన్ని చూడమని చెప్పింది. నొక్కి చూపించింది. 9, A, B. F తర్వాత 10. 2F తన చోట, 100 తన చోట. ఆ రోజు డబ్బా పట్టుకుని ఆమెతో పాటే నేనూ బయల్దేరాను.

లాండ్రీలో సూపర్‌వైజరమ్మ వచ్చి తెర ముందు నిలబడింది. అదే పొద్దున కొత్త కోట్ల మూట దిగింది. వాటి నంబర్లు బారెడు, అన్నీ F తో మొదలు. అన్నిటికంటే పెద్దవి కాబట్టి కడ్డీ చివర ఉండాలి. గడి నెత్తిన నొక్కగానే అవన్నీ జాబితా మొదట్లోకి, ఒకటి కంటే ముందుకు ఎగిరి కూర్చున్నాయి. మొదటికే మోసం వచ్చింది. సూపర్‌వైజరమ్మ ఇస్త్రీ బల్ల వైపు చూసింది. ఆ చూపు నాకు గుచ్చుకుంది.

"భోజనాలయ్యేదాకా ఆగండి మేడమ్," అంది మా తోటికోడలు. గొంతులో అప్పటికే సన్నగా కూత.

ఆమె పక్కన నిలబడ్డాను. నేను చేయగలిగింది ఏమీ లేదు. నీళ్ల గ్లాసు పట్టుకున్నాను, అంతే. ఆమె ఒక్కో కొత్త నంబరు వెనక దాచిన విలువను తెర మీదకు రప్పించింది. అన్నిటి ముందూ చిన్న గీత. మైనస్. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"అక్కా, ఇవి అప్పులో ఉన్నాయి," అంది.

అంత పెద్ద నంబరు వస్తే కంప్యూటర్ దాని మొదటి ముక్కను మైనస్ గుర్తుగా అనుకుంటుందట. అందుకే అవి సున్నాకి కిందకి జారిపోయాయి. ఇక్కడ సున్నాకి కింద ఏదీ ఉండదు, మైనస్ లేకుండా చదువు అని చెబితే సరిపోతుందట. ఒకే ఒక్క మాట మార్చింది. నేను నీళ్ల గ్లాసు ఆమె చేతికిచ్చాను.

ఈసారి గడి నెత్తిన నొక్కింది సూపర్‌వైజరమ్మే. ఒకటి నుంచి జాబితా జలజలా పారింది. కొత్తవన్నీ బుద్ధిగా అడుగున చేరాయి. మళ్లీ నొక్కితే మొత్తం తిరగబడి పెద్దవి పైకి వచ్చాయి. బాబాయ్ జాబితా పట్టుకుని కడ్డీ వెంట ఒక్కసారి నడిచాడు. మధ్యలో వెనక్కి తిరగలేదు. చివరికి చేరాక అక్కడి నుంచే చెయ్యి ఊపాడు.

"సోమవారం నుంచి ఆ ఇస్త్రీ బల్లకి ఇంకో మనిషిని చూస్తాను," అంది సూపర్‌వైజరమ్మ, అదేదో సబ్బు అయిపోయిందని చెప్పినట్టు.

దారంతా మా తోటికోడలు మాట్లాడుతూనే ఉంది. నేనూ మాట్లాడాను. ఆయన పోయాక అంత మాట్లాడటం అదే మొదలు. ఇంటికొచ్చేసరికి పెరట్లో బకెట్‌లో దుప్పట్లు నానుతున్నాయి. ఎండ ఇంకా ఉంది, ఉతికితే ఆరిపోతాయి. ఆమె చీర కొంగు దోపుకుంది, నేనున్నాగా అక్కా అని.

"నువ్వూ వద్దు, నేనూ వద్దు. ఆ జాబితా మళ్లీ తెర మీద పెట్టు, ఈసారి నేను నొక్కుతా," అన్నాను.

దుప్పట్లు నీళ్లలోనే ఉండిపోయాయి. ముందు గదిలో ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాం.