సోములమ్మ మీద పడ్డ చిల్లంగి

సోములమ్మను చిల్లంగిదన్నవాడి నోరు పడిపోను! డుంబ్రిగుడ సంతలో పసుపు, అడ్డాకులు అమ్ముకుంటూ, తల్లి లేని మల్లేశును కడుపులో పెట్టుకుని పెంచిన పెద్దమ్మ ఆమె. నోటి దురుసు ఉంది, కాదనను. ఒకరికి కీడు తలపెట్టగా మాత్రం నేను చూడలేదు. నేను ఆమె ఊళ్లోనే ఆశా వర్కర్‌ని, నా పేరు స్వర్ణ.

ఏడాదిగా మల్లేశుకు మలం తారులా నల్లగా పోతోంది. కాఫీ తోటలో కళ్లు తిరిగి కూలబడేవాడు. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే కారిపోయేది. ఆస్పత్రిలో నోట్లోంచి కెమెరా గొట్టం వేశారు, కిందనుంచి వేశారు, ఏమీ కనబడలేదు. నడుమనున్న చిన్నపేగు దాకా ఆ గొట్టాలు పోవట. డాక్టర్లకే దొరకని జబ్బంటే ఊరు ఊరుకుంటుందా? రోజూ ఎవరి చేతి అంబలి తాగుతున్నాడని ఆరా తీసింది. సోములమ్మే చిల్లంగి మంత్రం పెట్టి లోపల్నుంచి రక్తం తాగుతోందని తేల్చేసింది.

నేను వాణ్ని విశాఖ తీసుకెళ్లాను. అక్కడ కెమెరా ఉన్న మాత్ర మింగించారు. అది పేగుల్లో ఫోటోలు తీసుకుంటూ పోతుంది, అవి నడుముకు కట్టిన పెట్టెలోకి వస్తాయి. పెట్టె తీసుకుని, మాత్ర మలంలో బయటపడిందో లేదో చూసుకోమని పంపారు. ఊరొచ్చిన మర్నాడు పడింది. శుభ్రంగా కడిగి, సంబరంగా అరచేతిలో పెట్టుకుని వీధిలోకొచ్చాడు, పిచ్చి సన్నాసి! వాడి చిన్నాన్న కొడుకు ఫల్గుణ దాన్ని లాక్కున్నాడు.

“ఏటిది? గాజుకన్నుంది దీనికి!”

“కెమెరా అన్నా. నేనే మింగినాను.”

“నీ నోట అదే పలికిస్తంది! దీన్ని నీ కడుపులో ఎట్టింది ఆ ముండే!”

కర్రలు లేచాయి. సోములమ్మను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. మొదటి దెబ్బకే చెయ్యి విరిగింది. అడ్డం పోయిన నన్ను గోడకేసి కొట్టారు. పళ్లుంటే మంత్రం పలుకుతుందని ఫల్గుణ ఆమె గుండెల మీద కూర్చుని, పటకారుతో ముందు పళ్లు పీకాడు.

“ఒగ్గీండి, సచ్చిపోద్ది!” పెద్దమ్మను వదిలెయ్యమని మల్లేశు నేలమీద పాకుతూ అరిచాడు. లేచే సత్తువ లేదు వాడికి. పోలీసు జీపు వచ్చేసరికి ఆమె నోరంతా నెత్తురు.

ఆ మాత్ర తీసిన ఫోటోల్లోనే విశాఖ డాక్టర్లకు జబ్బు దొరికింది. చిన్నపేగులో గడ్డ, దాన్నుంచి రక్తం ఊరుతోంది. ఆపరేషన్ చేసి తీసేశారు. రక్తం పోవడం ఆగింది. ఆ ఫోటో ఫోన్లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను, చూడండి కళ్లుంటే అని! బెయిలు మీదొచ్చిన ఫల్గుణ దానివైపు చూడనైనా లేదు.

“రగతం ఆగిందా లేదా? పళ్లు పీకినాకే కదేటి ఆగింది?”

ఊరు తలూపింది. నా ఒళ్లు మండిపోయింది.

మల్లేశు ఆస్పత్రి నుంచి తిన్నగా సోములమ్మ ఇంటికి పోయాడు. ఆమె తలుపు సగమే తీసింది.

“నా గడప తొక్కకు నాయినా. రేపు నీకు జొరమొచ్చినా నన్నే సంపుతారు.”

తలుపు వేసేసింది.