ఏడు గంటల గొంతు

అక్క పోయిందన్న కబురు నాకు గంటన్నర ఆలస్యంగా అందింది. డబ్బింగు గదిలోకి మేం ఫోను తీసుకెళ్లం. బయట బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్లి, తెర మీద ఎవరి పెదవులు కదిలితే వాటికి మాటలు పలికి వస్తాం. ఆ పొద్దున పని ముగించుకుని వచ్చేసరికి బాపట్ల నుంచి అక్క వాళ్ల తమ్ముడు ఏడుసార్లు ఫోను చేసి ఉన్నాడు. తిరిగి చేస్తే, "తెల్లారగట్ల పోయిందక్కా" అన్నాడు.

మీలో చాలామందికి ఆవిడ ముఖం తెలుసు. పెళ్లి చీరల బోర్డుల మీద చూసి ఉంటారు. సబ్బు ప్రకటనలో పిల్లవాడి మట్టి చేతులు కడిగే అమ్మగా చూసి ఉంటారు. సాయంత్రం ఏడు గంటలకు వచ్చే సీరియల్లో ఆరేళ్లపాటు పెద్దకోడలిగా చూసి, ఆవిడ ఏడిస్తే మీరూ కళ్లు తుడుచుకుని ఉంటారు. అయితే ఆ ఏడుపులో మీకు వినిపించిన గొంతు ఆవిడది కాదు, నాది. ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది అందుకే.

అక్కది రేపల్లె. నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు. చిన్నప్పటి నుంచీ బాగా పొడుగు కావడంతో, బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు గ్రూపు ఫొటోల్లో ఎప్పుడూ వెనక వరసలోనే నిలబెట్టేవారట. ఆ పొడుగు చూసే మా తెనాలి బట్టల షాపాయన ఒకరు వాళ్లింటికి వెళ్లి, తమ చీరలు కట్టించి ఫొటోలు తీసుకుంటామని అడిగారు. నాన్న రెండు రోజులు ఆలోచించి, వాళ్లమ్మ పక్కన ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ రోజంతా అమ్మ స్టూడియోలో ముక్కాలి పీట మీద కూర్చుంది. ఫొటోగ్రాఫరు నవ్వమన్నప్పుడల్లా అక్క అమ్మ వంక చూసేది. అమ్మ నవ్వితే తనూ నవ్వేది. తెనాలి బస్టాండు దగ్గర పెట్టిన బోర్డులో ఉన్నది ఆ నవ్వే. నేనప్పుడు ఏడో తరగతి. బడికి వెళ్తూ ఆ బోర్డు కింద ఆగి, ఆ చీర నాదంటే నాదని స్నేహితురాలితో తగువు పడేదాన్ని. అదే బోర్డు చూడటానికి అమ్మా నాన్నా రేపల్లె నుంచి రైల్లో వచ్చారని, నాన్న ఎదురుగా సోడా బండి దగ్గర నిలబడి సోడా కొట్టేవాడితో "మా పిల్లే" అన్నాడని చాలా ఏళ్ల తర్వాత అక్క చెబితే విన్నాను.

హైదరాబాదు వెళ్లాక పదేళ్లు పట్టుచీరలూ నగలూ ఆవిడకు అన్నం పెట్టాయి. మే నెలలో పెద్దంచు పట్టుచీర కట్టుకుని, దీపాల వేడికి చెమట పడితే అద్దుకుంటూ, పొద్దున్నుంచి ఏమీ తినకుండా నవ్వుతూ నిలబడటం తన ఉద్యోగమని చెప్పేది. ఒకసారి నగల ప్రకటనకు షాపువాళ్లు ఒక మనిషిని కాపలాగా పంపారట. "రోజంతా నా మెడనే చూస్తా కూచున్నాడే. ముఖం వంక ఒక్కసారి చూళ్లేదు" అని చెప్పి పడీపడీ నవ్వింది. ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్టును వీపు వెనక క్లిప్పులతో, పిన్నీసులతో బిగించి కెమెరా ముందు నిలబెట్టేవాళ్లు. ఎవరైనా తనను చూసి అదృష్టవంతురాలివి అంటే అక్క వాదించేది కాదు. నాతో మాత్రం, "మనల్ని ముందు నుంచే చూస్తారే. వెనక పిన్నీసులు మనకి తెలిస్తే చాలు" అనేది. నా కష్టాలు చెప్పుకోబోయినప్పుడు ఎన్నిసార్లు ఆ మాట అన్నదో.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, పెళ్లికూతుర్ని చేయించుకుని చేయించుకుని విసుగొచ్చిందనేది. అది నిజమో, మాట తప్పించడమో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను. ముప్పై దాటాక పెళ్లి చీరలు ఆగిపోయి అమ్మ వేషాలు వచ్చాయి. వాటి వెంటే సీరియలూ వచ్చింది.

నేను ఆవిడకు గొంతు ఇవ్వడం మొదలుపెట్టిన నెలలో ఒక మధ్యాహ్నం డబ్బింగుకు వచ్చింది. నటులు అక్కడికి రారు. వెనక కుర్చీలో చడీచప్పుడు లేకుండా కూర్చుని, తన ఏడుపు నేను ఏడుస్తుంటే విన్నది. నేను బయటికి రాగానే, "నాకంటే నువ్వే బాగా ఏడుస్తన్నావు. ఏ ఊరు?" అని అడిగింది. తెనాలి అన్నాను. "అయితే మా రేపల్లె బండి మీ ఊళ్లోనే ఎక్కాలిగా" అంది. అప్పుడు విన్నాను ఆవిడ అసలు గొంతు. బొంగురుగా, లోపలి నుంచి వచ్చేది. ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండేది. అందం ఉంది, గొంతు లేదని అందరూ అనేవాళ్లు. ఆ మాట ఆవిడ ముందే అనేవాళ్లు.

ఎలాగూ గొంతు మారుస్తారని తెలిసి షూటింగులో కొందరు మాటలకు బదులు ఒకట్లూ రెండ్లూ చదివేస్తారు. అక్క ఒక్క రోజు కూడా అలా చేయలేదు. ప్రతి మాటా కంఠతా పట్టి, నిజంగా పలికేది. ఎవరికీ వినపడని మాటలకు అంత శ్రమ దేనికని అడిగితే, "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నీకు తెలియాలిగా" అంది. ఆరేళ్లు నా పని తేలికైందంటే ఆవిడ చలవే.

ఇక నేను చెప్పక తప్పని సంగతి ఒకటి ఉంది.

నాలుగో ఏడు అక్క ధైర్యం చేసి, ఒక్క సీనైనా తన గొంతుతో చెప్పనివ్వమని డైరెక్టరును అడిగింది. చూద్దామన్నారు. పెద్దకోడలు పుట్టింటికి ఫోను చేసి తాను సుఖంగా ఉన్నానని అబద్ధం చెప్పే సీను అది. అక్క గదిలోకి వెళ్లి చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ బొంగురు గొంతులో అబద్ధం ఎంత నిజంలా ఉందంటే, అద్దానికి ఇవతల కూర్చున్న మేమూ నమ్మేశాం. డైరెక్టరు నా వైపు తిరిగి, "ఏమంటావమ్మా?" అన్నారు.

నాకు ఆ సీరియలే ఆధారం. "బాగుందండి. కానీ జనం ఈ గొంతుకి అలవాటుపడ్డారు కదండీ, మారిస్తే ఒప్పుకోరేమో" అన్నాను. ఆ ఒక్క "కానీ"తో అయిపోయింది. ఒక మీట నొక్కితే మా మాటలు లోపలివాళ్లకు వినిపిస్తాయి. అది నొక్కి ఉన్న సంగతి మేమెవరం చూసుకోలేదు. అక్క బయటికొచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం పద అంది. ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

రెండేళ్లకు జబ్బు బయటపడింది. క్యాన్సర్ అన్నారు. వైద్యానికి రెండు నెలలు ఆగమని సీరియల్ వాళ్లను బతిమాలింది. వాళ్లు ఆగలేదు. ఒక సాయంత్రం పెద్దకోడలు మేడ మెట్లు దిగుతూ ఉండగానే ముఖం మారిపోయింది. కొత్త అమ్మాయి, పాత గొంతు. నాకు సిగ్గేసింది. మానేస్తానని అక్కకు ఫోను చేసి చెప్పాను.

"మానెయ్యకే. అమ్మ వింటంది" అంది.

షుగరు వల్ల వాళ్లమ్మకు కొన్నేళ్లుగా చూపు లేదు. నాన్న పోయాక రేపల్లెలో కొడుకు ఇంట్లో ఉంటూ రోజూ ఏడింటికి టీవీ ముందు కూర్చుని వినేది. నీ గొంతు సన్నబడిందేమే అని మొదట్లో అడిగితే, టీవీలో ఎవరి గొంతైనా అలాగే పల్చబడుతుందని అక్క చెప్పింది. తన గొంతు పనికిరాదన్నారని తల్లితో చెప్పలేక ఆడిన అబద్ధం. ఆవిడ నమ్మింది. ఇప్పుడు ముఖం మారిన సంగతి ఆవిడకు తెలియదు. నా గొంతు వినిపించినన్నాళ్లూ కూతురు పని చేసుకుంటోందని, బాగానే ఉందని అనుకుంటుంది. అందుకని నేను మానలేదు.

రేపల్లె వెళ్తే అమ్మకు తెలిసిపోతుందని అక్క బాపట్లలోనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. గుంటూరులో వైద్యం చేయించుకుని అక్కడికి వచ్చేది. తమ్ముడు వస్తూ పోతూ ఉండేవాడు. తెనాలి వచ్చినప్పుడల్లా నేనూ వెళ్లేదాన్ని. తలుపు చప్పుడైతే చాలు, మంచం మీద ఉన్న మనిషి నడుము నిటారు చేసి, గడ్డం కొంచెం ఎత్తి కూర్చునేది. ఇప్పుడెవరు చూస్తారక్కా అంటే, అలవాటే అనేది. మధ్యాహ్నం వేణ్నీళ్లు తాగి, గొంతు సవరించుకుని అమ్మకు ఫోను చేసేది. షూటింగులో భోజనాలకు వదిలారని, మళ్లీ పిలుస్తారని చెప్పి రెండు నిమిషాల్లో పెట్టేసి, అలసిపోయి పడుకునేది.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను ఆ రోజు డైరెక్టరుతో అన్న మాట ఒప్పుకున్నాను. కళ్లు మూసుకునే విన్నది.

"విన్నాన్లే ఆ రోజే. రెండు నెలలు కోపం ఉంది నీ మీద. అబద్ధం ఎందుకు చెప్పాలి."

"తర్వాత?"

"తర్వాత పోయింది. ఏడింటికి అమ్మ నిన్ను వింటా కూచునేది. నీతో ఎన్నాళ్లని తగువు పెట్టుకోను?"

ఆ సీనులో అక్క చెప్పిన గొంతు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆ వారమే స్టూడియోలో వెతికించాను. పాతవన్నీ చెరిపేశారు. ఫోను చేసి చెబితే, పోనీలే అంది. అంతే.

అమ్మకు చెప్పేద్దామని నేను చాలాసార్లు అడిగాను. "జుట్టు రానీవే. అమ్మ ముందు తలే నిమురుద్ది" అనేది. నాకు గట్టిగా పోట్లాడాలని ఉండేది. పోట్లాడలేదు. ఆఖరుసారి వెళ్లినప్పుడు తలకు కట్టిన గుడ్డ తీసి, తడిమి చూడమంది. మొలుస్తున్న జుట్టు వేళ్లకు గరుకుగా తగిలింది. వచ్చే నెల రేపల్లె వెళ్దామని, నన్నూ రమ్మని చెప్పింది. ఆ నెల రాలేదు.

అమ్మకు ఆ పొద్దున తమ్ముడే ఫోన్లో చెప్పాడు. ఏడాదిగా దాచిందంతా ఒక్కసారిగా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అంతా విని అడిగిందట: "మరి నిన్న సాయంత్రం మాట్లాడింది ఎవర్రా?"

దానికి తను జవాబు చెప్పలేకపోయానని, నన్ను రమ్మని అడిగాడు. తెనాలిలో దిగి, ఇన్నేళ్లూ అక్క ఎక్కుతూ వచ్చిన రేపల్లె బండి ఆ రోజు నేను ఎక్కాను. వెళ్లేసరికి సాయంత్రమైంది. అప్పటికే శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చారు. బాపట్ల నుంచి తీసుకొచ్చాక అమ్మ అక్క తల నిమిరి, "దీని జడేది?" అని అడిగిందని గుమ్మంలో ఎవరో చెప్పారు.

లోపలికి వెళ్లి మంచం దగ్గర కూర్చున్నాను. "అమ్మా, నేనండి" అన్నాను. గదిలో అందరూ నా వైపు చూశారు. ఆవిడ తల నెమ్మదిగా తిప్పింది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నువ్వా మాట్లాడేది."

"అవునండి."

"మొదట్నించీ?"

"మొదట్నించీ నేనేనండి."

తిడుతుందేమోనని కూర్చున్నాను. తిడితే బాగుండేది.

"చెప్పుంటే వెళ్లేదాన్నిగా అమ్మా. కళ్లు లేవు గానీ చేతులున్నాయిగా. ఇంత అన్నం కలిపి పెట్టేదాన్ని" అంది.

పొట్ట గడవడం కోసం ఒకసారి అక్క గొంతు పోగొట్టాను. అక్క మాట కోసం ఏడాదిపాటు ఆ తల్లికి కూతురు చెయ్యి అందకుండా చేశాను. ఏ తప్పు ఎక్కువదో నాకు తెలియదు. అక్క బతికి ఉంటే రెండూ వదిలెయ్యమని ఉండేది. అమ్మ అలా అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

చీకటి పడుతుండగా పక్కింటి టీవీలో సీరియలు మొదలైంది. ఎప్పుడో చెప్పి వచ్చిన మాటలు. గోడ అవతల నా గొంతు ఎవరినో అన్నానికి లెమ్మంటోంది. తమ్ముడు కంగారుగా లేచి, కట్టెయ్యమని చెప్పడానికి బయల్దేరాడు.

"ఉండనీరా" అంది అమ్మ.

ఆవిడ ముఖం గోడ వైపు తిప్పింది. నేను పక్కనే నోరు మూసుకుని కూర్చున్నాను. నా మణికట్టు ఆవిడ చేతిలోనే ఉంది. కాసేపటికి సీరియలు ఆగి ప్రకటనలు వచ్చాయి. ఎవరో సబ్బు అమ్ముతున్నారు, ఎవరో చీరలు అమ్ముతున్నారు. అమ్మ చెవి అటే పెట్టి, మళ్లీ ఆ గొంతు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది.