ర్యాంకు లేని జట్టు

డ్రా కాగితం ఓబయ్య తెచ్చాడు. జురాంగ్ ఐలాండ్ గేటు దగ్గర కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా, నాలుగు మడతలు పెట్టిన ఆ ప్రింటును జేబులోంచి తీసి బసవయ్య చేతిలో పెట్టి, తను పక్కకు తిరిగి నిలబడ్డాడు. చదివేటప్పుడు బసవయ్య ముఖం చూడటం అతనికి ఇష్టం లేకపోయింది.

సింగపూర్ తెలుగు కాలేజీల పూర్వ విద్యార్థుల బాస్కెట్‌బాల్ పోటీ, రెండువేల ఆరు. కింద ఎనిమిది గళ్లు. ఒకటో నెంబరు జట్టుకు ఎదురుగా ఎనిమిదో నెంబరు జట్టు. ఆ ఎనిమిదో గడిలో వాళ్లిద్దరూ చదివిన పాలిటెక్నిక్ పేరు. ఆట శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు, సిమెయి దగ్గరి కోర్టులో.

"ఎనిమిదా?" అన్నాడు బసవయ్య.

"అదే గదన్నా. తొమ్మిది లేదు గాబట్టి సరిపాయ" అన్నాడు ఓబయ్య.

బసవయ్య నవ్వలేదు. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, బస్సెక్కాడు.

ఇలాంటి పోటీల్లో జట్లకు నెంబర్లిచ్చే పద్ధతి ఒకటుంది, దాన్ని సీడింగ్ అంటారు. అన్నింటికన్నా బలమైన జట్టుకు ఒకటి, దాని తర్వాతిదానికి రెండు, అలా చివరిదాకా. ఒకటో జట్టుకు ఎనిమిదోదాన్ని, రెండోదానికి ఏడోదాన్ని జత చేస్తారు. గట్టివాళ్లు మొదటి ఆటలోనే ఒకరి చేతిలో ఒకరు ఓడి ఇంటికి పోకుండా ఈ ఏర్పాటు. నిరుడు ఈ గొడవ లేదు. వచ్చినవి ఆరే జట్లు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఆడింది. బసవయ్య జట్టు నాలుగు గెలిచి, ఒకదాంట్లో రెండు పాయింట్ల తేడాతో ఓడి, రెండో స్థానంలో నిలిచింది. ఆ కప్పు బూన్ లే ఫ్లాటులో వంటగట్టు మీద ఉంది. అతని భార్య నాగమల్లేశ్వరి అందులో గరిటెలు పెట్టుకునేది.

ఈ ఏడు సంగతి వేరు. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకుల కంప్యూటర్ పనులకు మనవాళ్లు వారానికింతమంది చొప్పున విమానం దిగుతున్నారు. ఏ కాలేజీ పేరు చెప్పినా ఐదుగురు దొరుకుతున్నారు. పద్నాలుగు జట్లు అడిగితే, ఉన్న ఒక్క కోర్టుకు ఎనిమిదే సరిపోతాయని, ఆ ఎనిమిదింటినీ ఎంచి నెంబర్లివ్వడానికి ఐదుగురితో కమిటీ వేశారు. రెండో స్థానంలో నిలిచిన జట్టుకు రెండో నెంబరో, మరీ కాదంటే మూడో నెంబరో వస్తుందని బసవయ్య లెక్క. రెండో నెంబరైతే ఆట మధ్యాహ్నం రెండింటికి. ఎనిమిదో నెంబరైతే పొద్దున్నే. అతని జట్టులో ఐదుగురూ ఒకే ప్లాంటు పనివాళ్లు, వాళ్లలో నలుగురికి శుక్రవారం రాత్రి డ్యూటీ. ఏడింటికి దిగి, ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి, నిద్ర లేని కాళ్లతో అందరికన్నా గట్టి జట్టుతో ఆడాలి. ఆ ఒక్క అంకెలో ఇంత ఉంది.

బసవయ్యది మైదుకూరు పక్క పల్లె. తండ్రి వేరుశనగ మిల్లులో బస్తాలు మోసేవాడు. పదో తరగతి అయ్యాక త్వరగా ఉద్యోగం వస్తుందని పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ ఆటల మాస్టారు రామన్న సారు. బండిచక్రానికి వేసే ఇనప పట్టీతో కమ్మరి చేత రింగు చేయించి, ఇనప స్తంభానికి బిగించి, ఇదే మన కోర్టన్నాడు. నేలంతా గరుసు. బంతిని కొడితే ఏ రాయికి తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు. "నేలకు కొట్టినారంటే అది యాడికి పోతాదో ఎవురికెరుక? పక్కోని చేతికియ్యండి" అనేవాడాయన. అలా నేర్చుకున్న ఆట. బంతి నేలను తాకేది తక్కువ, చేతులు మారేది ఎక్కువ. ముప్పై దాటినా, పొట్టలు కొంచెం ముందుకొచ్చినా, ఆ చేతులు మార్చే ఆటతోనే చాంగీ కుర్రాళ్లను నిరుడు అల్లాడించారు.

తొంభై ఐదులో బసవయ్య షిప్‌యార్డు పనికి సింగపూర్ వచ్చి, మూడేళ్ల తర్వాత జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయన ప్లాంటులో చేరాడు. అక్కడ అతని పని, గొట్టాల మీద ఒత్తిడి, వేడి కొలిచే గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని పరీక్షించడం. తప్పు చూపించేదానికి ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టేవాడు. ఎనిమిదేళ్లుగా అతని ఉద్యోగం, తిండి, ఫ్లాటు అద్దె అన్నీ ఆ ఒక్క నమ్మకం మీద నడిచాయి. బసవయ్య సంతకం పెట్టిన గేజీ అబద్ధం చెప్పదని ఆ ప్లాంటులో పేరు.

గురువారం సెలవు పెట్టి, బూన్ లేలో రైలెక్కి సిమెయిలో దిగాడు. గంట పైన ప్రయాణం. కమిటీ పెద్ద సుధాకరరావు ఉండే కాండో అపార్టుమెంటులో, కింది హాల్లో మీటింగు. సుధాకరరావు బ్యాంకు ఐటీ విభాగంలో మేనేజరు. యాభై ఏళ్ల మనిషి, గుంటూరు వైపువాడు, ఎవరి మీదా గొంతు పెంచడు. పక్కన కార్యదర్శి శ్యామలాదేవి ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. పోటీ కాగితాలన్నీ తయారుచేసేది ఆవిడే.

"రండి బసవయ్యగారూ, రండి. ముందు టీ తీసుకోండి."

టీ వద్దన్నాడు బసవయ్య. జేబులోంచి డ్రా కాగితం తీసి, బల్ల మీద పరిచి, ఈ నెంబర్లు ఎట్లా ఇచ్చారో తెలుసుకుని పోదామని వచ్చానన్నాడు. కమిటీ రెండు ఆదివారాలు కూర్చుని ఆలోచించిందనీ, పద్నాలుగు జట్లలో ఎనిమిది నిరుడు ఆడనేలేదనీ, వాటికి రికార్డు లేదనీ, కనుక అందరికీ సమానంగా ఉండే కొలత ఒకటి తీసుకున్నామనీ సుధాకరరావు ఓపికగా చెప్పుకొచ్చాడు.

"ఏం కొలత సార్?"

సుధాకరరావు శ్యామలాదేవి వైపు చూశాడు. ఆవిడ ల్యాప్‌టాప్‌ను బసవయ్య వైపు తిప్పింది. ఎడమ వరసలో కాలేజీల పేర్లు. దాని పక్క వరసలో ప్రతి కాలేజీకీ ఒక అంకె. అవి ఆడిన ఆటలు కావు, గెలిచినవీ కావు. ఎంసెట్ కౌన్సెలింగులో ఆ కాలేజీ సీట్లు ఏ ర్యాంకుతో అయిపోయాయో ఆ అంకె. తక్కువ ర్యాంకుకే సీట్లు నిండిన కాలేజీ పైన, ఎక్కువ ర్యాంకుకు నిండినది కింద.

బసవయ్య ఆ వరసను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు.

"ఎంసెట్ ర్యాంకా? బాస్కెట్‌బాల్‌కా?"

"కాలేజీ స్టాండర్డ్ తెలియడానికేనండీ" అన్నాడు సుధాకరరావు. "మంచి కాలేజీకి మంచి గ్రౌండుంటుంది, మంచి కోచ్ ఉంటాడు. పైగా ఎవరూ వేలెత్తి చూపలేని లెక్క. ఎంసెట్ అందరికీ ఉంటుంది కదా."

"మాకు లేదు."

అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికీ అందులో వింత కనిపించలేదు. ఇల్లూ ఊరూ వదిలి పదేళ్లయినా, పిల్లలు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతున్నా, ఒక విందులో కొత్త తెలుగువాడు పరిచయమైతే ఊరి పేరు తర్వాత వాళ్లడిగేది అతని కాలేజీ పేరు. అది వినగానే అతని ర్యాంకు సుమారుగా ఎంతో లోపల లెక్క కట్టేసి, ఆ లెక్కను బట్టే కుర్చీ దగ్గరికి జరుపుకునేవాళ్లు. మనుషులను అలా వరస పెట్టడం అలవాటైన చేతులు బాస్కెట్‌బాల్ జట్లనూ అలాగే వరస పెట్టాయి.

బసవయ్య కాలేజీ పక్కన అంకె లేదు. పాలిటెక్నిక్‌కు ఎంసెట్ ఉండదు.

"గడి ఖాళీగా ఉంటే వరస పెట్టేటప్పుడు అదే అడుగుకు పోతుందండీ" అంది శ్యామలాదేవి. ఆవిడ గొంతులో కొంచెం సిగ్గు ఉంది. "నేను కావాలని పెట్టింది కాదు."

అంతటితో ఆగి ఉంటే బసవయ్య లేచి వెళ్లిపోయేవాడేమో. సుధాకరరావు ఆగలేదు. అసలు డిప్లొమాను కాలేజీ కింద తీసుకోవాలా అని కమిటీలో మాట వచ్చిందనీ, తానే పట్టుబట్టి ఆ ఎనిమిదో స్థానం ఇప్పించాననీ, ఏదో సాయం చేసినవాడిలా చెప్పాడు.

బసవయ్య ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"ప్లాంటులో నేను ప్రెషర్ గేజీ చూసి టెంపరేచర్ రాస్తే, ఆ పొద్దే నన్ను ఇంటికి పంపిస్తారు సార్. మీరు చేసింది అదే. నిరుడు నాలుగు గెలిచినాం. మీలో ముగ్గురు కోర్టు పక్కన అరుగు మీదనే కూచోని చూసినారు. కండ్లతో చూసింది పక్కన పెట్టి ఈ గడి చూసినారు."

"మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారు."

"నెంబరు మార్చమని అడగను సార్. ఎనిమిదే ఉండనీండి. డ్రా కింద ఒక్క లైను రాయండి. ఎంసెట్ ర్యాంకుల వరసలో నెంబర్లిచ్చినామని. అంతే."

సుధాకరరావు టీ కప్పు కింద పెట్టాడు. "అలా రాస్తే ఏం బాగుంటుందండీ?"

"బాగుండదని మీకూ తెలుసన్నమాట."

బసవయ్య కాగితం మడుచుకుని బయటికొచ్చేశాడు.

ఆ లైను వాళ్లు రాయరని అతనికి తెలుసు. శనివారం పొద్దున తనే రాశాడు. డ్యూటీ దిగిన నలుగురూ, వాళ్లకోసం గేటు బయట ఎదురుచూసిన ఓబయ్యా ఒకే టాక్సీలో ఎక్కుతామంటే డ్రైవరు ఐదుగురిని కుదరదన్నాడు. రెండు టాక్సీలయ్యాయి. బట్టలు కార్లోనే మార్చుకున్నారు. బసవయ్య మోకాలి మీద అట్టముక్క పెట్టుకుని, ప్లాంటులో ఎర్ర చీటీల మీద రాసే మార్కర్‌తో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఈ జట్లకు నెంబర్లిచ్చింది ఎంసెట్ ర్యాంకుల వరసలో. ఆట చూసి కాదు.' కోర్టు దగ్గర స్తంభానికి డ్రా అంటించి ఉంటే, దాని కింద దీన్ని అంటించాడు.

మొదటి సగం బంతి వాళ్ల చేతులు దాటి బయటికి పోలేదు. తొమ్మిది పాయింట్లు ముందున్నారు. రెండో సగంలో కాళ్లు మొరాయించాయి. చేతుల్లోకి రావలసిన బంతి వేళ్లకు తగిలి జారింది. ఒకడు కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. చివరికి నాలుగు పాయింట్ల తేడాతో ఓడారు.

ఎదుటి జట్టు కుర్రాళ్లు మంచివాళ్లే. వచ్చి చేతులు కలిపారు. వాళ్లలో అందరికన్నా బాగా ఆడిన లోహిత్, స్తంభం మీది అట్టముక్క చదివి పడిపడి నవ్వాడు.

"అంకుల్, మాకు ఒకటో నెంబరు ఎంసెట్ చూసి ఇచ్చారా? నాది మేనేజ్‌మెంట్ సీటంకుల్!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఐదో నెంబరు జట్టువాళ్లు మాత్రం నవ్వకుండా అట్టముక్కను రెండోసారి చదివారు. ఏడో నెంబరువాళ్లు సుధాకరరావును చుట్టుముట్టి, అసలు చోటే దొరకని ఆరు జట్లనూ ఈ లెక్కతోనే తీసేశారా అని నిలదీశారు. ఆయన అందరికీ ఓపికగా సమాధానం చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఆ అట్టముక్క ఎవరో పీకేశారు.

ఇంట్లో బసవయ్య నెల రోజులు ముభావంగా తిరిగాడు. ఓడినందుకా ఇంత కోపం అని నాగమల్లేశ్వరి అడిగింది.

"ఓడితే ఓడినాం. నన్ను చూడకుండానే నెంబరేసినారు. అదీ" అన్నాడు.

"అయితే ఆ కప్పు తీసి లోపల పెట్టేదా? చూసినప్పుడల్లా మొహం మాడ్చుకుంటాండావు."

"ఉండనీ. గరిటెలు యాడ పెట్టుకుంటావు?"

మరుసటి ఏడు కమిటీ కొత్త నియమం పెట్టింది. ఈసారి దాన్ని డ్రా మీద అచ్చు వేయించారు కూడా. నిరుటి ఫలితాలను బట్టి నెంబర్లు. బసవయ్య చదివి తృప్తిగా తలూపాడు. తర్వాత కిందికి చూశాడు. వాళ్లది మళ్లీ ఎనిమిదే. మొదటి ఆటలోనే ఓడిన నాలుగు జట్లనూ నిరుటి ఎంసెట్ వరస చెదరకుండా అలాగే కింద ఉంచారు.

ఫోన్ చేశాడు. "మీరడిగిందేగా బసవయ్యగారూ, ఆట చూసే ఇచ్చాం" అన్నాడు సుధాకరరావు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే న్యాయం చేశాననుకుంటున్నాడాయన. ఎంసెట్ అంకె కొత్త నియమం అడుగున ఎలా దాక్కుని ఉందో, దాని వల్లనే ఆ ఆట ఎలా పోయిందో చెప్పబోయి బసవయ్య ఆగిపోయాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రమే షిఫ్టు సూపర్‌వైజరు దగ్గరికెళ్లాడు. పోటీకి ఇంకా రెండు నెలలుంది. ఆ శుక్రవారం రాత్రి తమ ఐదుగురికీ సెలవు కావాలన్నాడు. బదులుగా చైనీయుల కొత్త సంవత్సరం నాడు, దీపావళి నాడు తామే డ్యూటీ చేస్తామన్నాడు. సూపర్‌వైజరు అతన్ని ఎగాదిగా చూసి, "బాల్ గేమ్ కోసమా? సీరియస్ ఆ?" అన్నాడు. "సీరియస్ లా" అన్నాడు బసవయ్య, అతని సింగపూర్ యాసలోనే. దీపావళి పోయిందని తెలిసి నాగమల్లేశ్వరి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ శనివారం ఎనిమిదిన్నరకు ఎనిమిది గంటలు నిద్రపోయిన ఐదుగురు కోర్టులోకి దిగారు. మళ్లీ అదే ఒకటో నెంబరు జట్టు. బంతి నేలను తాకింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పద్నాలుగు పాయింట్ల తేడాతో గెలిచారు. మైకు పట్టుకున్నాయన, ఎనిమిదో నెంబరు ఒకటో నెంబరును ఓడించిందని, ఇది ఈ ఏటి మహా సంచలనమని అరుస్తున్నాడు.

సుధాకరరావు కోర్టులోకి వచ్చి, చెయ్యి చాచి, ముఖమంతా నవ్వుతో అన్నాడు: "పెద్ద అప్‌సెట్ చేశారండీ బసవయ్యగారూ! ఎవరూ ఊహించలేదు."

బసవయ్య ఆ చెయ్యి అందుకోలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"సంచలనం యాడిది సార్? రెండేండ్ల కింద ఎట్లుండామో అట్లే ఉండాం. మీ కాయితం తప్పు చూపించింది. మైకులో అది చెప్పమనండి."

సుధాకరరావు చెయ్యి కాసేపు గాల్లో ఉండి కిందికి దిగింది. మైకాయన రెండో ఆట జట్లను పిలుస్తున్నాడు.

బసవయ్య వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఓబయ్య నీళ్ల సీసా అందించి, ఇప్పుడన్నా కోపం తగ్గిందా అన్నా అని అడిగాడు.

"యాడ తగ్గుతాది?" అన్నాడు బసవయ్య, బూటు తాడు విప్పి మళ్లీ గట్టిగా బిగించి కట్టుకుంటూ. "ఇంకా రెండాటలుండాయి."