ముందే వేసిన ముద్రలు

మా కూరల కొట్టు పక్కనే తోకియేగారి ఇస్త్రీ దుకాణం. అరవై మూడేళ్లొచ్చినా ఆవిడ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే అన్నం ముద్దలు మింగేస్తుంది. ఆవిడని చూస్తుంటే నాకే ఆయాసం వస్తుంది.

అలాంటి మనిషి నెత్తిన పడింది మనవరాలి చదువు. కూతురికి చేపల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. రెండో తరగతి చినామి రోజూ ఇంట్లో పాఠం పైకి చదవాలి, పెద్దవాళ్లు విని కార్డు మీద సంతకానికి బదులు ఇంటిపేరు ముద్ర వెయ్యాలి. తోకియేగారు మాత్రం సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ముద్రలు గుద్దేసేది. "గొంతు బాగుంది" అన్న గడిలో అవునన్న గుర్తుగా సున్నాలు కూడా చుట్టేసేది.

"వినకుండానే?" అన్నాను ఒకసారి.

"ఇస్త్రీ చేస్తూ వింటున్నాగా! నీ ముల్లంగులు చూసుకో తల్లీ."

నవంబరులో చినామి జ్వరంతో మూడు రోజులు బడి మానేసింది. మళ్లీ వెళ్లిన రోజు సాయంత్రం టీచరమ్మ కార్డు పట్టుకుని దుకాణానికే వచ్చింది. నా ఏప్రాన్ల కోసం వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"జ్వరంతో పడుకున్న రోజుల్లో కూడా ముద్రలున్నాయండీ. గొంతు బాగుందట కూడా. ఇవాళ కొత్త పాఠం చినామిని ఒక్కదాన్నే చదవమంటే నోరే విప్పలేదు."

నాకే తల కొట్టేసినట్టయింది. టీచరమ్మ వెళ్లగానే తోకియేగారు ఇస్త్రీపెట్టె ఆపేసింది.

"చదవవే."

చినామి పాత పాఠం తీసి గడగడా మొదలుపెట్టింది. రెండు పేజీలు అంటుకుని ఒకేసారి తిరిగాయి. గొంతు మాత్రం ఆగలేదు. తోకియేగారు పుస్తకం లాక్కుని మూసేసింది. అయినా పాఠం సాగుతూనే ఉంది.

"ఓసినీ! నీకు చదవడమే రాదా?"

"బళ్లో అందరూ కలిసి చదువుతారుగా అమ్మమ్మా. విని గుర్తుపెట్టుకుంటాను. కొత్తది వినలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"రోజూ కావాలనే తప్పు చదివేదాన్ని. నువ్వు విని ఆపుతావేమోనని చూసేదాన్ని."

తోకియేగారు నేలమీద చతికిలబడింది. బయట ఎవరో చొక్కాల కోసం పిలిచారు. "రేపు రండి!" అని అరిచింది. చినామి వేలు పెట్టి కొత్త పాఠంలో ఒక్క వాక్యం చదవడానికి పావుగంట పట్టింది. ముసలావిడ మోకాలు కుదురులేక ఊగుతూనే ఉంది, రెండు చేతులతో నొక్కిపట్టుకుంది.

అయ్యాక పిల్ల ముద్ర అందించింది.

"అప్పుడేనా? ఇంకోసారి చదువు," అంది తోకియేగారు. "వింటున్నాను."