మా వదిన రాసిన అర్జీ

మా వదిన ధనశ్రీది ఎలమంచిలి. పదో తరగతి పాసైంది. 2007లో మా అన్న వాసుకి ఇచ్చి చేశారు. వచ్చిన నెలకే మా పేటలో ఆమెకు తెలియని ఇల్లు లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన నన్ను మాత్రం ఇప్పటికీ "పాపాయమ్మ కూతురు" అనే అంటారు. అమ్మ చేపల గంప ఎత్తుకుని వెళ్తే ఇల్లు చూసేవాళ్ళు లేక నేను ఎనిమిదిలో ఆగిపోయాను. కానీ నా చేతిరాత వదిన రాత కంటే గుండ్రంగా ఉంటుంది. అది ఎవరూ చూడలేదు.

మా వీధి ఒడ్డుకు మరీ దగ్గర. సముద్రం పోటెత్తితే గుమ్మాల్లోకి నీళ్ళు వచ్చేవి. మాకు కొండవార కాలనీలో పక్కా ఇళ్ళు ఇస్తామని, వదిన రాకముందు ఏడాది ఆఫీసువాళ్ళు వచ్చి పేర్లు రాసుకున్నారు. జాబితా అతికించేసరికి వీధిలో అందరి పేర్లూ ఉన్నాయి, అమ్మ పేరు లేదు. అమ్మ నాలుగుసార్లు తిరిగింది. "చూస్తాం" అన్నారు.

"సమాచార హక్కని సట్టం ఒచ్చింది అత్తా. కాగితం పెడితే ముప్పై రోజుల్లో సెప్పి తీరాల," అంది వదిన.

"ఒలమ్మో, నా కోడలికి ఎన్ని తెల్సునో!" అని అమ్మ వీధంతా వినపడేలా అంది. నేను చేపకి పొలుసు తీస్తున్నాను. పొలుసుతో పాటు తోలూ ఊడొచ్చింది.

వదిన రెండు పేజీలు రాసింది. నాన్న సముద్రంలో పోయిన సంగతి, అమ్మ మోకాళ్ళ నొప్పులు, అన్నీ పెట్టింది. చివర "మా అత్తగారికి ఇల్లు ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగింది. చదివి వినిపిస్తే అమ్మ కళ్ళు తుడుచుకుంది. తెల్లకార్డు జిరాక్సు జతచేస్తే ఫీజు అక్కర్లేదన్నదీ వదినకే తెలుసు.

అర్జీ ఇవ్వడానికి అమ్మకు తోడు నేను వెళ్ళాను. వరుసలో మా ముందున్న పెద్దాయన కాగితాన్ని గుమాస్తా తిప్పి ఇచ్చేశాడు. "ఎందుకివ్వలేదు అని అడిగితే మేమేం చెప్తాం బాబూ? మా దగ్గరున్న ఏ కాగితం కావాలో చెప్పి, దాని నకలు అడగండి," అన్నాడు.

నేను విన్నాను. వదిన రాసిన చివరి మాట గుర్తొచ్చింది. నా సంచిలో పెన్ను ఉంది. బయటికి తీయలేదు. తిరిగి రానీ, అనుకున్నాను. మా కాగితం మాత్రం గుమాస్తా చదవకుండానే తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. మీరు అడిగినది సమాచారం కిందికి రాదని. అప్పటికే వీధివాళ్ళు కాలనీకి వెళ్ళి లేస్తున్న తమ ఇళ్ళ గోడలు చూసుకొస్తున్నారు. ఎదురింటి చలమయ్య ఊరుకోలేదు.

"ఏటి పాపాయమ్మా, నీ కోడలు తెచ్చిన ఇల్లు ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసర్లుండే ఉక్కునగరంలోనా? ఏ సెక్టారు?"

ఆ రోజు కోసమే ఎదురుచూశాను. కానీ అమ్మ రాత్రి అన్నం ముట్టలేదు.

వదిన ఏడవలేదు. "నువ్వెల్లావు గదా దేవీ, ఆడ ఏటైనా ఇన్నావా?" అంది. చెప్పాను.

"అప్పుడే సెప్పకపోయావా?"

వదిన పెన్ను నా చేతిలో పెట్టింది. "ఐతే నువ్వే రాయి."

ఐదు వరసలు రాశాను. మా వీధికి ఏ తేదీన వచ్చారు, వచ్చినవారి పేర్లేమిటి, మా ఇంటి నంబరు ఎదుట పుస్తకంలో ఏం రాశారు, ఆ పేజీ నకలు ఇవ్వండి. అమ్మ వేలిముద్ర వేసింది.

ఈసారి నకలు వచ్చింది. మా నంబరు ఎదుట రెండే మాటలు: "తాళం ఉంది."

తేదీ చూడగానే నాకు ఆ రోజు గుర్తొచ్చింది. అది అమ్మవారి పండగ మర్నాడు. రాసుకునే అట్టలు పట్టుకుని ఇద్దరు మగవాళ్ళు గుమ్మంలో పిలిచారు. నేను లోపలే ఉన్నాను. తలుపు సందులోంచి వాళ్ళ చెప్పులు కూడా చూశాను. కొత్తవాళ్ళతో మాట్లాడలేక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"ఆ రోజు ఇంటికాడ ఎవలున్నారే?" అంది అమ్మ.

వదిన నా ముఖం చూసింది. "ఎవలుంటే ఏటత్తా! మనింటికి తాళం ఎక్కడిది? తలుపు వలతాడుతోనే కడతాం గదా. లేని తాళం ఎలాగ రాసీసినారో అడుగుదాం, పద."

ఆఫీసులో అమ్మ అదే అడిగింది. వీధి ఆడవాళ్ళు గంపలతో సహా వచ్చి సాక్ష్యం చెప్పారు. చలమయ్య కూడా వచ్చాడు. మళ్ళీ విచారణ జరిగింది. మూడో నెలలో అమ్మ పేరు జాబితాలో చేరింది.

"మా కోడలు రాసిన కాగితమే," అని అమ్మ అందరికీ చెప్పింది.

"నాను కాదత్తా, దేవి రాసింది."

"అదా?" అని అమ్మ నవ్వేసింది.

వదిన నా తప్పు ఎవరికీ చెప్పలేదు. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కింది. ఆమెను తిట్టుకోవడానికి నాకు ఏమీ మిగల్లేదు.

కొత్త ఇంటికి తాళం ఉంది. మా ఇంట్లో అదే మొదటి తాళం. తాళంచెవి వదిన కొంగున ఉంటుంది. అర్జీ ఎవరికి కావాలన్నా ఆమెనే పిలుస్తారు. ఏ కాగితం అడగాలో వెళ్ళేముందు నన్ను అడిగి తెలుసుకుంటుంది. ఆ తొందరలో ఒక్కోసారి నేను బయట ఉండగానే తాళం వేసుకుని పోతుంది. పక్కింటివాళ్ళు రమ్మంటారు. వెళ్ళను, గుమ్మం మీదే కూర్చుంటాను. అట్టలు పట్టుకుని ఎవరైనా వస్తే ఈసారి పలకాలి.